సీసాలో లార్వా, టైరులో లార్వా

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో (ప్రజారోగ్య వైద్యం) ఎండీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. తర్వాత ఎటు వెళ్లాలన్నదానిపై మా ఇంట్లో రోజూ పంచాయితీయే. కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే పరువుగా ఉంటుందని నాన్న. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) చేరితే ఎప్పటికైనా డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కావచ్చని మామయ్య. నాకేమో రెండూ కలిసిన ఉద్యోగం కావాలి. అది అడగడానికే ఈ ఉత్తరం.

మా డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో ఒక సీసాలో దోమ లార్వా ఉంది. దాన్నే చూపించి పాఠం చెబుతాం. పోయిన వానాకాలం ఫీల్డ్‌కి వెళ్తే, ఆశా కార్యకర్త ఒక ఇంటి పెరట్లో పాత టైరు వంచి చూపించింది. లోపల నీళ్లలో లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి. "మొన్ననే పారబోశాం మేడం, మళ్లీ వాన పడింది" అంది. అక్కడి డాక్టరు గారు ఓపీ ముగించి యాప్‌లలో లెక్కలు ఎక్కిస్తున్నారు. జ్వరాలు ఏ వీధిలో మొదలయ్యాయో ఆరా తీసే తీరిక ఆయనకు లేదు. తీరిక ఉన్న మేము సాయంత్రం బస్సెక్కి వచ్చేశాం.

మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తోంది. ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్ల నమూనాలు పట్టుకెళ్లాయి. కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి, సంతోషం. కానీ ఆ ఊళ్లలోనే పదేళ్లు ఉండి, రోగుల్ని చూస్తూ పరిశోధనా చేసే డాక్టర్లు కావాలి కదా!

1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ సర్కారు కొలువులో ఉన్న డాక్టరే. (కొద్ది వారాలకే ఆయన్ని బదిలీ చేశారు. బదిలీల జబ్బు పాతదే.)

ఇప్పుడు కాలేజీలు చూసే డీఎంఈది (వైద్య విద్య డైరెక్టరేట్) ఒక దారి, పీహెచ్‌సీలు చూసే డీపీహెచ్‌ది (ప్రజారోగ్య డైరెక్టరేట్) ఇంకో దారి. ఒకసారి ఎక్కితే దిగడం కష్టం. ప్రజారోగ్యానికి ప్రత్యేక క్యాడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది.

ముందు ఉద్దానంలోనే ప్రయత్నించండి. రెండు చోట్లా పనిచేసే డాక్టర్ల పోస్టులు నాలుగు చాలు. వారంలో నాలుగు రోజులు పీహెచ్‌సీలో, రెండు రోజులు శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో. ఆ సర్వీసును రెండు శాఖలూ లెక్కలోకి తీసుకోవాలి. మా పరీక్షలయ్యేలోగా జీవో వస్తే మా ఇంట్లో పంచాయితీ కూడా తెగుతుంది.

ఇట్లు,
ఒక ఎండీ విద్యార్థిని,
శ్రీకాకుళం జిల్లా