‘కోళ్లకు వేసే నూకలు’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో పశ్చిమ ఆఫ్రికా మీద వచ్చిన వ్యాసం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మనం కోళ్లకు వేసే నూకలు తిని సెనెగల్ ప్రజలు బతుకుతున్నారని రాశారు. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో 31 ఏళ్లు గుమస్తాగా చేసి రెండేళ్ల కింద మానేశాను. నూకల మాట వస్తే ఊరుకోవడం నావల్ల కాదు.

మిల్లులో నూకంతా ఒక్కటే రకం కాదండీ. కోళ్ల దాణాకు పోయేది పరం, అంటే రవ్వలాంటి సన్న నూక. కాకినాడ రేవుకు లారీ ఎక్కేది వేరు. తెల్లగా, దుమ్ము లేకుండా, పిడికిట్లోంచి జారవిడిస్తే గలగలమనాలి. కొన్ని సంచుల మీద ఫ్రెంచిలో ‘రీ బ్రిజే’ అని అచ్చు ఉండేది, అంటే విరిగిన బియ్యం. ఒకసారి మా షావుకారు, కొంచెం ధర ఎక్కువైనా పావు వంతే నూక ఉన్న బియ్యం పంపిస్తానని బ్రోకర్‌కు చెప్పాడు. సెనెగల్‌వాళ్లకు వంద శాతం నూకే కావాలి, నిండు గింజ వాళ్ల వంటకు పనికిరాదని జవాబొచ్చింది. హమాలీలతో సహా అందరం నవ్వాం. ఎందుకో కనుక్కుందామని నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే.

సెనెగల్ ఉత్తర భాగం మన పాలమూరు కన్నా ఎండిన నేల. జూన్ నుంచి అక్టోబరు లోపలే వాన, అదీ కొన్నిచోట్ల 300 మిల్లీమీటర్లకు మించదు. ఇసుక నేలలు. అక్కడి పాత తిండి సజ్జలు, జొన్నలు. 1840ల నుంచి ఫ్రెంచివాళ్లు పల్లికాయ కొనడం పెట్టారు. మార్సెయ్ నగరంలో నూనెకు, సబ్బులకు పల్లీ కావాలి మరి. ఆ సరుకు రేవుకు చేరాలని, ఇప్పటి రాజధాని డకార్ నుంచి ఉత్తరాన సెయింట్ లూయీకి 1885లో రైలు వేశారు. రైలు తన నేల మీదుగా పోవద్దని అడ్డుపడిన కాయోర్ రాజు లాట్ జోర్ మరుసటి ఏడాదే ఫ్రెంచి సైన్యంతో పోరాడుతూ చనిపోయాడు. సజ్జ చేలు పల్లి చేలయ్యాయి. మరి తినడానికి? ఫ్రెంచివాళ్ల చేతిలోనే వియత్నాం ఉంది. అక్కడి మిల్లుల్లో మిగిలిన చవక నూక ఓడెక్కి డకార్‌లో దిగింది. పల్లీలు పోయే రేవులోనే నూకలు దిగేవన్నమాట. రెండు మూడు తరాలు అదే తిన్నాక నాలుక దానికే అలవాటు పడింది. ఫ్రెంచివాళ్లు 1960లో వెళ్లిపోయారు గానీ నూక పోలేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ దేశంలో వరికి తగిన నేల లేక కాదు. దక్షిణాన కాసమాన్స్‌లో వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. ఆఫ్రికాకే సొంతమైన వరి రకం అక్కడ తాతల నాటి నుంచి పండుతుంది. కానీ 1889లో బ్రిటన్, ఫ్రాన్స్ కూర్చుని గాంబియా నది పొడవునా బ్రిటన్‌కు ఒక పట్టీ గీసుకున్నాయి, ఇప్పటి గాంబియా దేశం అదే. దాంతో దక్షిణం తెగిపోయింది. 2019లో వంతెన తెరిచేదాకా అక్కడి లారీ డకార్ రావాలంటే పడవ కోసం కాచుకోవాలి, లేదా గాంబియాను చుట్టి రావాలి.

ఇదంతా మనకు వింతా? మా ఇంట్లో మా అమ్మ పెళ్లి నాటికి జొన్న గట్క, జొన్న రొట్టె. వరి అన్నం పండగకే. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత ఎడమ కాలువ కింద మిర్యాలగూడ చుట్టూ వరి, దాని వెనకే మిల్లులు. ఇప్పుడు నా మనవడికి జొన్న రొట్టె పెడితే ముఖం చిట్లిస్తాడు. కాలువ మన పళ్లెం మార్చినట్టే, ఓడ వాళ్ల పళ్లెం మార్చింది. తేడా ఒక్కటి. మన కాలువ మనం అడిగి తెచ్చుకున్నది.

2022 గుర్తుందా? యాసంగి వడ్లు కేంద్రం కొనాలన్న పంచాయితీలో మనల్ని నూకలు తినమంటారా అని మన నాయకులు మండిపడ్డారు. ఎండాకాలం కోత కదా, గింజ వేడికి పగిలి యాసంగి వడ్లలో నూక ఎక్కువ పడుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపేసింది. మా గోదాములో లాట్లు పేర్చినవి పేర్చినట్టే ఉండిపోయాయి. ఇక్కడ మాకు టెన్షన్, అక్కడ డకార్ ఇల్లాళ్లకు టెన్షన్. ఆ నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2025 మార్చిలో.

ఆ నూకతో వాళ్లు వండేది చేపల అన్నం, ‘చెబు జెన్’ అంటారు. 2021లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చింతపండు వేస్తారు, పక్కన మన పుంటికూర జాతి ఆకు నూరి పెడతారు. నూకైతే చేపల పులుసును బాగా పీలుస్తుంది, నిండు గింజ వద్దనడానికి అదీ ఒక కారణం. పోయిన నెల వాడపల్లి నుంచి చేపలు తెప్పించి మా కోడలు చేసింది. వాళ్లు అడుగున పట్టిన మాడును ప్రత్యేకంగా గీకి వడ్డిస్తారని చెబితే, జొన్న రొట్టెకు ముఖం చిట్లించే మనవడే గరిటె లాక్కుని గిన్నె గీకాడు.

కాబట్టి అయ్యా, సవరణ వేసేటప్పుడు ‘కోళ్లకు వేసే’ అన్న రెండు మాటలు తీసేయండి. ‘తిని బతుకుతున్నారు’ బదులు ‘ఇష్టంగా తింటారు’ అని వేయండి.

ఇట్లు,
ఒక మాజీ మిల్లు గుమస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా