8వ తరగతి పెరుగు ప్రయోగం, అందరి లంచ్ బాక్సులు

తల్లిదండ్రులకు నమస్కారం.

8వ తరగతి సైన్సులో ఇప్పుడు సూక్ష్మజీవుల పాఠం నడుస్తోంది. దానితోపాటు పిల్లలు ఇంట్లో ఒక ప్రయోగం చేయాలి. అందుకు అర లీటరు పాలు, నాలుగు స్టీలు గ్లాసులు, మీ వంటింట్లో ఒక ఆదివారం కావాలి. మిగతా తరగతుల వారూ చివరిదాకా చదవండి, లంచ్ బాక్స్ సంగతి అందరిదీ.

సెల్‌ఫోన్‌ని దూదితో తుడిచి, జెల్లీ పోసిన పళ్లెంలో బ్యాక్టీరియా పెంచే వీడియోలు పిల్లలు చూస్తున్నారు. ఇంట్లో అది వద్దు. అందులో పెరిగింది ఏదో మనకు తెలియదు, మూత తీసి చూడటం క్షేమమూ కాదు. పెరుగులో ఉండేవైతే రోజూ తినేవే.

గ్లాసులను మరిగే నీళ్లతో తొలవండి. పాలు పొంగాక సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి, గ్లాసుకు 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. రెండో గ్లాసులో పాలు పొగలు కక్కుతుండగానే అర టీస్పూను తోడు వేసేయాలి. మిగతా మూడూ 40 డిగ్రీల దాకా చల్లారాలి. థర్మామీటరు లేకపోతే మణికట్టు మీద చుక్క వేసుకుని చూడండి: వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. వేలు మాత్రం ముంచకండి, నాలుగో గ్లాసు అక్కడే చెడుతుంది. ఒకటి, మూడు గ్లాసులకు అంతే తోడు. మూడోది ఫ్రిజ్‌లోకి, ఒకటోది బయట. నాలుగోదానికి తోడే లేదు, మూత పెట్టి ఒకటోదాని పక్కన ఉంచండి. రెండు గంటలకోసారి గ్లాసు కొంచెం వంచి చూసి రాసుకోవాలి. చెంచాతో కెలికితే విరిగిన గడ్డ మళ్లీ అతుక్కోదు.

మన చెన్నై ఉక్కకు ఒకటో గ్లాసు ఐదారు గంటల్లో తోడుకుంటుంది. బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.7 దగ్గరి నుంచి 4.6 దాకా దిగేసరికి కేసిన్ అనే ప్రొటీను గడ్డ కడుతుంది. రెండో గ్లాసులో వేడికి తోడు చచ్చిపోతుంది. అదీ తోడుకుందని ఎవరైనా రాస్తే, తోడు వేసేలోపే పాలు చల్లారాయన్నమాట. దాన్ని తప్పుగా దిద్దం, కారణం రాస్తే మార్కులు ఇస్తాం. అసలు చూడాల్సింది మూడోది. ఎనిమిది గంటలైనా పాలు పాలలాగే ఉంటాయి. బయట పెట్టండి, అప్పుడు తోడుకుంటాయి. చలి బ్యాక్టీరియాను చంపదు, పని ఆపిస్తుంది, అంతే.

నాలుగో గ్లాసు మర్నాటికి వాసన వేయవచ్చు, విరగవచ్చు. కాచిన పాలే కదా అంటారేమో, కొన్ని బ్యాక్టీరియాల సిద్ధబీజాలు, అంటే గట్టి పొర కప్పుకుని నిద్రపోతున్న రూపాలు, మరుగుకు కూడా చావవు. రుచి చూడకుండా పారబోయండి. పులుపు పరీక్షకు పసుపు కాగితం పనికిరాదు, అది క్షారానికే ఎర్రబడుతుంది. నీలి లిట్మస్ బడి నుంచే పంపుతాం.

సోమవారం పిల్లలు ఒకటో గ్లాసు పెరుగు మీది తేట రెండు చెంచాలు సీసాలో తేవాలి. గడ్డ తెస్తే స్లైడంతా ప్రొటీను నీలి మరకలే. తేట చుక్కను నీటితో పలచన చేసి పరచి, ఆరనిచ్చి, స్పిరిట్ దీపం మీదుగా మూడుసార్లు పోనిచ్చి, మిథిలిన్ బ్లూ అనే నీలి రంగులో ఒక నిమిషం ఉంచి కడుగుతాం. మైక్రోస్కోపులో 400 రెట్లు పెంచి చూస్తే సన్నని పుల్లలు, చుక్కల గొలుసులు కనిపిస్తాయి. లోపల కేంద్రకం కనిపించదు, ఎందుకంటే వాటికది లేదు. డీఎన్ఏ కణద్రవ్యంలోనే ఉంటుంది. ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు కూడా మనవాటికన్నా చిన్నవి, నిర్మాణంలో వేరు. టెట్రాసైక్లిన్ అనే రకం యాంటీబయాటిక్ మందులు పట్టుకునేది ఆ తేడానే. భీమవరంలో పుట్టి, మన సెంట్రల్ స్టేషన్ ఎదుటి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే మందుల కంపెనీ పరిశోధనలు నడిపించిన కాలంలోనే, 1948లో, వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ బయటికొచ్చింది. మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి దాన్ని రాబట్టింది అక్కడి బెంజమిన్ డుగ్గర్.

ఇక లంచ్ బాక్సులు. రాత్రంతా బయటే ఉన్న అన్నంతో పొద్దున్న పులిహోరో ఫ్రైడ్ రైసో కలిపి పంపకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు ఉడికినా బతికి, గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ బాణలిలో వేయిస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఆ విషం పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి; వాసనలో, రుచిలో ముందుగా ఏమీ తెలియకపోవచ్చు. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. లోతు గిన్నెలో కుక్కితే ఫ్రిజ్‌లో కూడా నడిమి అన్నం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. పొద్దున్న వండి కలిపిన పెరుగన్నం మధ్యాహ్నానికి పులిస్తే పులవనివ్వండి, ఆ పులుపు కాపలాయే. దానికని వేడి అన్నంలో పెరుగు కలిపి వెంటనే మూత బిగించకండి, రెండో గ్లాసులోలాగే ఆ వేడికి పెరుగు బ్యాక్టీరియా చస్తాయి.

నీళ్ల సీసా మూతలోని రబ్బరు చుట్టును వారానికి రెండుసార్లయినా ఊడదీసి బ్రష్షుతో తోమండి. అక్కడ జారుడుగా తగిలే పొర బ్యాక్టీరియా కట్టుకున్న గూడే, నీళ్లతో గిలకరిస్తే వదలదు.

యాంటీబయాటిక్ వాడుతున్న పిల్లలకు మధ్యాహ్నం మోతాదు ఉంటే, డాక్టరు చీటీ నకలుతో సహా ఆఫీసులో ఇవ్వండి. మాత్రలు సంచీలో పెట్టి పంపొద్దు. జ్వరం తగ్గిందని మధ్యలో మానేయాలనుకుంటే ముందు డాక్టరును అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు