నల్లపిల్లకు నేరేడు రంగు నప్పదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో ఒక చిట్కా చదివాను. చామనచాయ వాళ్లు ముదురు లిప్‌స్టిక్ జోలికి పోవద్దట, లేత గులాబీ వేసుకుంటే ముఖం తేటపడుతుందట. తెనాలిలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తున్నాను. నాదీ నలుపే, చామనచాయ అనేది మర్యాదకి అనే మాట. మీ చిట్కా తిరగబడింది.

లేత గులాబీలో, పీచ్‌లో తెలుపు ఎక్కువ. అది మా పెదవుల్లో కలవదు, పైన తేలుతుంది. నాలుగు రోజులు జ్వరపడి లేచినట్టుంటాం. నేరేడుపండు రంగు, ఇటుక ఎరుపు, మెరూన్ వేసి చూడండి, ముఖం ఎలా వెలుగుతుందో! కళ్లకు నెమలికంఠం నీలం వేయాలంటే ముందు రెప్ప మీద కాటుక పెన్సిల్ పలచగా అద్ది, ఆ పైన పొడి అద్దాలి. ఉత్త పొడి వేస్తే వెలిసిపోయినట్టుంటుంది. కళ్ల కింద నలుపుకి కూడా అంతే. మచ్చలు కప్పే కన్సీలర్ ఒక్కటే పూస్తే బూడిద తేలుతుంది, దాని కింద ఆ నలుపును సరిచేసే నారింజ రంగు కరెక్టర్ చుక్క ఉండాలి.

మా అమ్మమ్మ నాకన్నా నలుపు. రాణీ రంగు పట్టుచీర, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ, తాంబూలంతో పండిన నోరు. ఆవిడకు అవి నప్పవని అన్నవాళ్లను నేను చూడలేదు.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికూతురు మెరూన్ అడిగింది. మేనత్తగారు అడ్డుపడి, 'ఫౌండేషన్ రెండు షేడ్లు తెల్లగా వెయ్యమ్మా, పెదాలకి లేతది చాలు' అన్నారు. డబ్బిచ్చేది వాళ్లు కదా అని వేసేశాను. తప్పు నాదే. ఆల్బమ్ వచ్చాక ఆ పిల్ల ఫోన్ చేసి, 'అక్కా, ఈ ఫొటోలో మెడ ఎవరిది?' అంది. అప్పట్నుంచి పెళ్లికూతుర్ని అందరి ముందూ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దవడ మీద ఫౌండేషన్ గీత గీసి, మెడ రంగులో కలుస్తోందని చూపించాకే బ్రష్ పట్టుకుంటున్నాను.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మా ఊరి కొట్లో అర మాత్రం అలాగే ఉంది. తెల్ల షేడ్లు వరసగా, ముదురువి ఒకటో రెండో, అవీ దుమ్ముపట్టి. గాయని రిహానా 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ బ్రాండ్‌ని ఏకంగా 40 షేడ్లతో మొదలుపెట్టింది కానీ, ఆ ధర నా దగ్గరికొచ్చే వాళ్లు పెట్టలేరు. హైదరాబాద్ నుంచి ముదురు షేడ్లు తెప్పించి, ఒకదాంట్లో ఒకటి కలుపుకుని నెట్టుకొస్తున్నాను.

ఈసారి మా రంగు వాళ్లకు చిట్కా రాస్తే పక్కన మా రంగు పిల్ల ఫొటో వెయ్యండి. మొన్న మీరు వేసిన ఫొటోలో అమ్మాయి పాలమీగడలా ఉంది.

– ఒక పెళ్లి మేకప్ ఆర్టిస్ట్, తెనాలి