సెరటోనిన్ అంటే ఆనందం ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో సెరటోనిన్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘ఆనంద హార్మోన్’ అనే పేరే అచ్చవుతోంది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నాకు ఆ పేరు మింగుడుపడటం లేదు. మనిషికి సంతోషం, విచారం తెలియడానికి ఎంతో ముందు, తల్లి కడుపులోనే ఆ రసాయనం చేసే పని గురించి పాఠకులకు ఒక్కసారైనా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వెన్నుపామును పెద్ద మెదడుతో కలిపే మెదడు కాండంలో, నడిమి గీత వెంబడి, సెరటోనిన్‌ను తయారుచేసే నాడీకణాలు 5 నుంచి 7 వారాల పిండంలోనే కనిపించడం మొదలవుతుంది. నార్‌అడ్రినలిన్ అనే మరో నాడీ రసాయనాన్ని తయారుచేసే కణాలూ ఇంచుమించు అప్పుడే వస్తాయి. నాడీకణాల మధ్య సంధులు సరిగ్గా ఏర్పడకముందే ఈ రసాయనాలు పనిలోకి దిగి, కణాలు ఎంతగా విభజన చెందాలి, ఎటు వలసపోవాలి, కొమ్మలు ఎంత దూరం చాచాలి అన్న విషయాలను ప్రభావితం చేస్తాయి. గాబా సంగతి మరీ విచిత్రం. పెద్దల మెదడులో కణాలను నెమ్మదింపజేసే ఈ రసాయనం, లేత కణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉండటం వల్ల, పిండదశలో వాటిని ఉత్తేజపరుస్తుంది. క్లోరైడ్‌ను బయటికి తోడే ప్రోటీన్ తగినంత తయారయ్యాకే దాని తీరు మారుతుంది.

ఈ అమరిక సగంలో ఉండగా బిడ్డ పుడితే ఏమవుతుందో మేము రోజూ చూస్తాం. ప్రశాంతంగా నిద్రపోతున్న బిడ్డ ఛాతీ ఉన్నట్టుండి కదలడం మానేస్తుంది. 20 సెకన్లు గడిచేసరికి మానిటర్ మోగుతుంది. అరికాలిని వేలితో మెల్లగా రుద్దితే బిడ్డ ఒళ్లు విరుచుకుని మళ్లీ ఊపిరి తీస్తుంది. ఇలాంటి పిల్లలకు కెఫీన్ మందు ఇస్తాం. మెదడు కాండంలోని ఊపిరి కేంద్రాన్ని అణచివేసే అడినోసిన్ అనే రసాయనానికి అది అడ్డుపడుతుంది.

నిద్రలో కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయిన శిశువుల మజ్జాముఖాన్ని, అంటే మెదడు కాండం అడుగుభాగాన్ని, పరిశీలించిన బోస్టన్ పరిశోధకులు, సెరటోనిన్ కణాలు మామూలుకన్నా ఎక్కువగా ఉన్నా, ఆ సంకేతాన్ని అందుకునే ఒక రకం గ్రాహకాల పట్టు తగ్గిందని 2006లో ప్రచురించారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు బిడ్డను మేల్కొలిపి ఊపిరి పెంచే పనిలో ఈ వ్యవస్థకు భాగముంది కనుక ఆ ఫలితం చిన్నదేమీ కాదు. పొగాకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అసిటైల్‌కోలిన్ అనే మరో నాడీ రసాయనం కోసం పిండం మెదడు కాండంలో తొలి నెలల్లోనే ఏర్పడే గ్రాహకాలకు, మాయను దాటి వచ్చిన నికోటిన్ అతుక్కుంటుంది. గర్భిణి పొగ తాగితే ఇలాంటి హఠాన్మరణాల ముప్పు పెరుగుతుందన్నది రుజువైన విషయం.

కాబట్టి మళ్లీ సెరటోనిన్ గురించి రాసేటప్పుడు, అది ఊపిరికి చేసే సాయాన్నీ, గర్భిణి పక్కన ఎవరూ పొగ తాగకూడదన్న మాటనూ అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
నవజాత శిశువుల వార్డు నర్సు