ఈసారి అరిసెలు నల్లగా ఉంటాయి

మూసాపేటలోని మన కొట్టుకు పదమూడేళ్లుగా వస్తున్నవారికి, ఫోనులో ఆర్డరు చెప్పి పండుగకు రెండు రోజుల ముందు సంచీతో వచ్చి తీసుకెళ్లేవారికి ఈ ఉత్తరం. ఈ సంక్రాంతి అరిసెల కోసం డిసెంబరులోనే డబ్బు కట్టినవారు 240 మంది. మీరు అడిగినన్ని ఇవ్వలేను. ఇచ్చేవి కూడా మీకు అలవాటైన రంగులో ఉండవు. కారణం నా నోటి నుంచే మీకు తెలియాలి. ఇంకెవరో చెబితే మీరు వినడం నాకు ఇష్టం లేదు.

ఏటా డిసెంబరు చివరి వారంలో అనకాపల్లి నుంచి మనకు కొత్త బెల్లం వస్తుంది. పదకొండేళ్లుగా ఒకే వ్యాపారి పంపుతున్నారు. ఈసారి 30 దిమ్మలు వచ్చాయి, మొత్తం నాలుగున్నర క్వింటాళ్లు. లారీ నుంచి దించుతున్న కుర్రాళ్లే ఆ రంగు చూసి ఆగిపోయారు. మేడారం జాతరకు వెళ్లే మన వీధివాళ్లు బెల్లాన్ని బంగారం అంటారు. ఆ దిమ్మలను చూసి నేనూ ఆ మాటే అనుకుని మురిసిపోయాను.

మొదటి దిమ్మ పగలగొట్టి పాకం పెట్టిన రోజున మా పిన్ని నన్ను లోపలికి పిలిచింది. నలభై ఏళ్లుగా అరిసెల పాకం చూస్తున్న మనిషి. గరిటె పక్కన పెట్టి "వాసన చూడు" అంది. అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు. మామూలుగా పళ్లెంలో నీళ్లు పోసి చుక్క పాకం వేస్తే వేలితో తిప్పగానే ఉండ కట్టాలి. అది కట్టలేదు, వేలి కింద జారిపోయింది. ఇంకాస్త కాచేసరికి ఒక్కసారిగా ముదిరింది. ఆ రోజు వేసిన అరిసెల్లో సగం నూనెలో విడిపోయాయి, మిగిలినవి చల్లారాక గట్టిపడ్డాయి. పిండిలో తడి తగ్గిందేమోనని నేను తప్పును పిండి మీదికి నెట్టాను. పిన్నితో వాదించాను కూడా. ఆ గట్టి అరిసెలనే మొదటి విడతగా 38 ఇళ్లకు ఇచ్చాను. ఇది పూర్తిగా నా తప్పు.

నాలుగో రోజు ఒక అమ్మ ఫోను చేశారు. కొట్టు తెరిచిన ఏడాది నుంచీ మన దగ్గరే కొంటున్నారు. అరిసె కొరకలేక ఆవిడ అత్తగారు పక్కన పెట్టేశారట. ఆ తరువాత ఆవిడ అడిగిన మాట ఇది: "బజార్లో దొరికిన బెల్లం కొని అనకాపల్లి పేరు పెట్టుకుంటున్నారా?" నేను అనకాపల్లి వైపున్న చోడవరం దగ్గర గానుగ పక్కన పెరిగినవాణ్ణి. మా నాన్న బెల్లం వండేవారు. ఆ మాట ఎంత తగిలిందో ఇక్కడ రాయలేను. ఆవిడకు జవాబు చెప్పలేక ఫోను పెట్టేసినందుకు ఇప్పుడు క్షమించమంటున్నాను.

వెంటనే సరుకు గదిలోకి వెళ్లి గునపంతో ఒక దిమ్మ పగలగొట్టాను. పైన రెండు వేళ్ల మందం నల్లబడింది. లోపల మాత్రం పసుపు ముద్దలా మెరుస్తోంది. ఒక ముక్క మీద నిమ్మకాయ పిండితే బుసబుసమని నురగ లేచింది. మంచి బెల్లం అలా పొంగదు. అందులో సోడా ఉందన్నమాట. రంగు కోసం హైడ్రోసు కూడా వేశారు.

దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చెరకు రసం పెనంలో కాగేటప్పుడు మా నాన్న కొద్దిగా సున్నపు తేట వేసేవారు. బెండ మొక్క కాండం నలగ్గొట్టి ఆ జిగురు పోస్తే మడ్డి పైకి తేలేది. దాన్ని ఓపిగ్గా తీసేవారు. పొంగు వస్తే రెండు చుక్కల ఆముదం. అంతే. బెల్లం రంగు నేలను బట్టి, చెరకు రకాన్ని బట్టి, మడ్డి తీసే చేతిని బట్టి వచ్చేది. హైడ్రోసు అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల రంగు పోగొట్టడానికి వాడే మందు. పాకంలో వేస్తే నలుపు అప్పటికప్పుడు విరుగుతుంది, కానీ ఆ రంగు నిలవదు. కొన్నాళ్లకు బెల్లం మళ్లీ నల్లబడుతుంది. గంధకం మాత్రం అందులో ఉండిపోతుంది. ఉబ్బసం ఉన్నవారికి అది మంచిది కాదు. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. నేను పరీక్షకు ఇచ్చిన ముక్కలో అంతకు రెట్టింపు పైనే వచ్చింది.

వ్యాపారికి ఫోను చేస్తే ఆయన తడబడలేదు. "మార్కెట్లో రంగు ఉన్నదే మొదటి రకం. పది కిలోలకు ధర దానికే ఎక్కువ పలుకుతుంది. రంగు కావాలని మీరే కదా అడిగారు" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆయనకు బాకీ పెట్టలేదు. పైకం రేపు పంపుతానంటే ఈరోజే పంపేవాణ్ణి. ఆ మనిషి నాతో అలా మాట్లాడటం డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధించింది.

కానీ ఆయన అన్నదానిలో ఒక మాట నిజం. రెండేళ్ల కిందట మీలో కొందరు అరిసెలు మరీ నల్లగా ఉన్నాయని, పెళ్లివారికి పెట్టలేకపోయామని అన్నారు. నేను ఆయనకు ఫోను చేసి "కాస్త రంగు చూసి పంపండి" అన్నాను. మా నాన్న ఉండి ఉంటే ఆ మాట నా నోట రానిచ్చేవారు కాదు.

ఇక ఏం చేయాలన్నది మూడు రాత్రులు తేల్చుకోలేకపోయాను. పండుగ దగ్గర పడింది, డబ్బు మీ దగ్గర తీసుకున్నాను. మా ఆవిడ ఒక దారి చెప్పింది: బేగంబజారులో మంచి బెల్లం కొని, అది ఎక్కడిదో అట్ట మీద రాసి, అందరి ఆర్డర్లూ పూర్తి చేయమంది. అందులో మోసం లేదు. కామారెడ్డి వైపు బెల్లం నేను తిన్నాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మూడో రాత్రి దాదాపు ఒప్పుకున్నాను. తెల్లవారి కొట్టు తెరుస్తూ పైకి చూస్తే బోర్డు మీద అనకాపల్లి బెల్లం అన్న అక్షరాలు కనిపించాయి. మూసాపేట, బోరబండ, కూకట్‌పల్లిలో ఉండే మా వైపువాళ్లు బస్సు దిగి ఇంత దూరం నడిచి వచ్చేది ఆ రెండు మాటల కోసమే. ఆ బోర్డు కింద కూర్చుని వేరే బెల్లం అరిసెలు తూయడం నా వల్ల కాదు. మా ఆవిడ దీన్ని మొండితనం అంది. అది మొండితనమే అయినా నా నిర్ణయం మారదు.

పాడైన బెల్లానికి ఇంకో బేరం కూడా వచ్చింది. నల్లబడిన దిమ్మలు చవకగా కొంటానని ఒకతను స్కూటరు మీద వచ్చాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. గుడుంబాకు వెళ్లే బెల్లం నా కొట్టు నుంచి పోదు. మిగిలిన దిమ్మలను పగలగొట్టించి, ఎవరూ ఏరుకోకుండా ఫినాయిలు పోయించి చెత్త బండి ఎక్కించాను. ఒక్కటి మాత్రం గల్లా పక్కన ఉంచాను. మీరు చూడవచ్చు, నిమ్మకాయ పిండి చూడవచ్చు.

చోడవరం దగ్గర తన చెరకు తానే ఆడించి వండే రైతు ఒకరు మా బావ ద్వారా దొరికారు. ఆయన దగ్గర మనకు ఇవ్వగలిగింది ఒక్క క్వింటాలు. హైడ్రోసు లేదు, పంచదార కలపలేదు. నిమ్మరసంతో చూశాను, ముక్క పరీక్షకు ఇచ్చాను, రెండూ సరిగ్గా వచ్చాయి. రంగు చింతపండు నలుపు. పిన్ని పాకం పెడితే రెండో చుక్కకే ఉండ కట్టింది. ఆమె మొహంలో వారం రోజుల తరువాత కళ కనిపించింది.

కాబట్టి ఈ పండుగకు ఇంటికి ఒక కిలో అరిసెలే. ఎక్కువ ఆర్డరు ఇచ్చినవారికి మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తున్నాను. మొదటి విడత తీసుకున్న 38 ఇళ్లవారు దయచేసి వాటిని పారేయండి. తిరిగి తేనవసరం లేదు. మీ డబ్బు మొత్తం ఇచ్చి, కొత్తవి కిలో ఉచితంగా ఇస్తాను. పండుగ వరకు ధర పాత 480 రూపాయలే. తరువాత 540 అవుతుంది, ఎందుకంటే ఆ రైతు అడిగిన ధర నేను బేరం లేకుండా ఒప్పుకున్నాను. రంగు కోసం ఇక ఎవరినీ అడగను, మీరు అడిగినా సరే.

సున్నుండలు, నువ్వుండలు పాత బెల్లంతో చేసినవి, వాటికి భయం లేదు. అవి అయిపోతే కొత్త బెల్లం దొరికేదాకా చేయను. మాడుగుల హల్వా, తాటి తాండ్ర ఎప్పటిలాగే ఉంటాయి. పనసపొట్టు మాఘమాసంలో మొదలుపెడతాను. కాయలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తాయి, పొట్టు ఇక్కడే కొడతాం, కొట్టిన పూటే అమ్ముతాం. బెల్లం ఆవకాయ సంగతి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను. మేలో ఆ రైతు దగ్గర బెల్లం మిగిలితే పెడతాను, లేకపోతే ఈ ఏడాది మామూలు ఆవకాయే.

ఎనిమిదో తేదీ సాయంత్రం అయిదు నుంచి కొత్త అరిసెలు రుచి చూడటానికి పళ్లెంలో పెడతాను. ఫోను చేసిన ఆ అమ్మ కూడా అత్తగారితో రావాలని కోరుతున్నాను. తిని చూశాక వద్దనిపిస్తే అక్కడికక్కడే డబ్బు తీసుకువెళ్లండి.