స్లాబు రిపేరు ఎవరిది?

అయ్యా,

మహబూబ్‌నగర్‌లో మేం కిరాయికుంటున్న ఫ్లాటులో వంటింటి స్లాబు పెచ్చులూడుతోంది. తుప్పు పట్టిన చువ్వలు కనబడుతున్నాయి. మొన్న ఉడుకుతున్న అన్నంలో పెచ్చు పడితే గిన్నె మొత్తం పారబోశాం. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వాలంటేనే టెన్షన్. ఓనరును అడిగితే బిల్డరు మీదికి నెడుతున్నారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని బిల్డరే ఉచితంగా సరిచేయాలి. మా బిల్డింగుకు తొమ్మిదేళ్లు దాటాయి. ఓనరు చేయాల్సిన రిపేరు నోటీసిచ్చినా చేయకపోతే, మనమే చేయించి ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చని 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. కానీ మా పదకొండు నెలల అగ్రిమెంటులో నల్లాలు, సున్నాల సంగతే తప్ప స్లాబు ఊసే లేదు. అయినా స్లాబు కిరాయిదారు బాధ్యత ఎట్లవుతుంది? వానలు ముదరకముందే మున్సిపల్ ఇంజినీర్లు పాత అపార్ట్‌మెంట్లను తనిఖీ చేసి, ఓనర్లకు నోటీసులివ్వాలి.

– ఒక కిరాయిదారు, మహబూబ్‌నగర్