జారిపోయే లాక్‌తో మీరు అమ్మిన మడతకత్తుల గురించి ఫిర్యాదు

కడియం మండలం,
తూర్పు గోదావరి జిల్లా.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో కొన్న మూడు మడతకత్తులు, పనిలో లాక్ జారి మా మనిషి వేలు తెగడం.

అయ్యా,

నేను నర్సరీ రైతుని. మామిడి, సపోటా అంట్లు కడతాం, కొంత గులాబీ కూడా ఉంది. మా పనిలో జేబులో మడతకత్తి లేకుండా ఎవరూ ఇంట్లోంచి బయలుదేరరు. అంటు కట్టడం, బస్తా విప్పడం, సుతిలి కోయడం, డ్రిప్ పైపు ముక్క చేయడం, మధ్యాహ్నం జామకాయ కోసుకోవడం, అన్నీ దానితోనే. లేఖ కాస్త పొడుగ్గా ఉంటుంది, దయచేసి పూర్తిగా చదవండి. మీ కస్టమర్ కేర్ వాళ్లు నా మాట పూర్తిగా వినలేదు.

గత జూన్‌లో, తొలకరి పనులు మొదలయ్యే ముందు, మీ దగ్గర మూడు కత్తులు తెప్పించాను. ఒక్కొక్కటి 1,850 రూపాయలు. ఇక్కడ సంతలో దొరికే చాకుకి ఇది ఎన్నో రెట్లు. అంత పెట్టడానికి కారణం మీ పేజీలో ఉన్న రెండు మాటలు. ఒకటి, డీ2 అనే పనిముట్ల ఉక్కు, గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో (అంకె పెరిగేకొద్దీ ఉక్కు అంత గట్టిది) 60 అని. రెండోది, తెరిచాక కదలని లైనర్ లాక్ అని. నేను చూసీ చూడకుండా కొనలేదు. ఏ ఉక్కు ఎంతకాలం పదును నిలుపుతుంది, ఏ లాక్ ఎలా పని చేస్తుంది అని పది రోజులు చదివి, మా వాళ్లతో మాట్లాడి ఆర్డర్ పెట్టాను.

ముందు పదును సంగతి. మామిడి అంటుకి కొమ్మను ఏటవాలుగా ఒక్క వేటుకి చెక్కాలి. కోత అద్దంలా నున్నగా వస్తేనే వేరు మొక్క బెరడు కింద ఉన్న పచ్చటి పొర, కొమ్మలోని పచ్చటి పొర ఒకదానికొకటి ఆనుకుంటాయి. కత్తి మొద్దుబారితే కోత నలుగుతుంది, మధ్యలో సందు మిగులుతుంది, అంటు ఎండిపోతుంది. సపోటాకి వేరు మొక్కగా వాడే పాల మొక్క మీద అంటు కట్టేటప్పుడు ఇంకా కష్టం, ఆ చెక్క గట్టిది. మీ కత్తులు మొదటి రోజు బాగానే కోశాయి. మధ్యాహ్నానికి సానరాయి కావాల్సి వచ్చింది. మూడో రోజుకి నలభై యాభై కోతలకి ఒకసారి నూరుతున్నాం. 60 గట్టిదనం ఉన్న డీ2 అయితే ఇలా జరగదు.

అనుమానం వచ్చి ఒక కత్తిని విశాఖలో తెలిసినవాళ్ల టూల్ రూమ్‌కి పంపాను. రాక్‌వెల్ మిషన్ మీద బ్లేడుని మూడు చోట్ల పరీక్షించారు. 51, 52, 51 వచ్చాయి. కాగితం జత చేశాను. మీరు డీ2 కాని ఉక్కుని అమ్మారని నేను అనడం లేదు, అది తేలాలంటే రసాయన పరీక్ష చేయాలి. సరిగ్గా కాచి చల్లార్చకపోతే మంచి ఉక్కు కూడా మెత్తగానే మిగిలిపోతుంది. కానీ పేజీలో 60 అని రాసి 51 పంపడం మాత్రం తప్పే. స్విట్జర్లాండ్ వాళ్ల విక్టోరినాక్స్ కత్తుల ఉక్కు 56 దగ్గర ఉంటుంది. వాళ్లు ఆ మాట దాచరు. ఆ సంఖ్య తెలిస్తే ఎన్ని కోతలకి నూరాలో మేం చూసుకుంటాం.

పదును తక్కువని మాత్రమే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. నూరుకుంటూ ఈ సీజన్ గడిపేసేవాళ్లం.

జూలై రెండో వారంలో మా దగ్గర అంట్లు కట్టే అతను వేపపిండి బస్తా విప్పబోయాడు. కత్తి మొన బస్తాలోకి దింపి వెనక్కి లాగాడు. బ్లేడు వీపు బస్తా కుట్టుకి తట్టుకుంది. అంతే, లాక్ జారిపోయి బ్లేడు మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. ఏడు కుట్లు పడ్డాయి. పన్నెండు రోజులు పనిలోకి రాలేదు. అతనికి అంటుకి ఇంత అని కూలి, సీజన్ అంతా కలిపి మూడు నెలలు. ఆ పన్నెండు రోజులు ఏడాది మొత్తంలో అతనికి బాగా డబ్బు వచ్చే రోజులు. ఆసుపత్రి ఖర్చు, కూలి నేను ఇచ్చాను. వేలు ఇప్పటికీ పూర్తిగా వంగడం లేదు.

ఆ రాత్రి మూడు కత్తులూ ముందు పెట్టుకుని చూశాను. లైనర్ లాక్‌లో పిడి లోపలి సన్న రేకు స్ప్రింగులా పక్కకి వచ్చి, బ్లేడు మొదలుకి అడ్డంగా నిలబడాలి. మీ కత్తుల్లో రెండింటికి ఆ రేకు బ్లేడు మొదలు అంచుని వెంట్రుకవాసి మాత్రమే అందుకుంటోంది. వేళ్లు దూరంగా పెట్టి, బ్లేడు వీపుని చెక్క బల్లకి ఆనించి కొంచెం నొక్కితే చాలు, జారిపోతోంది. వీడియో తీశాను, అది కూడా పంపుతున్నాను. ఫ్యాక్టరీలో పెట్టెలో పెట్టే ముందు ఎవరైనా ఒక్కసారి ఇలా నొక్కి చూసి ఉంటే ఈ రెండు కత్తులు బయటికి వచ్చేవి కావు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఓపినెల్ చెక్క పిడి కత్తికి పిడి మొదట్లో ఉక్కు కట్టు ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే బ్లేడు ఆగుతుంది. 1955 నుంచి అదే పద్ధతి, ధర కూడా మీ దానికంటే మరీ ఎక్కువేం కాదు. కాబట్టి ఈ ధరకి ఇంతకంటే మంచి లాక్ రాదు అనే మాట నేను ఒప్పుకోను.

మా నాన్న ముప్పై ఏళ్లు వాడిన చాకుకి లాక్ లేదు. కొలిమిలో చేయించింది, స్ప్రింగు బిగువు మీదే నిలబడేది. ఆయన వేలు ఎప్పుడూ తెగలేదు. లాక్ లేదని ఆయన చేతికి తెలుసు, అందుకే మొనతో పొడిచే పని దానితో చేసేవారు కాదు. మా మనిషి వేలు బ్లేడు దారిలో పెట్టడానికి కారణం మీ మాట. కదలని లాక్ అని మీరు రాశారు, నేను నమ్మాను, నేను చెప్పాను కాబట్టి అతను నమ్మాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మీ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందన్నారు. రెండోసారి కత్తిని తప్పుగా వాడారన్నారు. బస్తా కోయడం తప్పు వాడకం అయితే మీ పేజీలో అదే కత్తితో కట్టె చెక్కుతున్న ఫొటో ఎందుకు పెట్టారు? మూడోసారి మాట్లాడినతను, అసలు రోజూ జేబులో కత్తి పెట్టుకు తిరగడం ఎందుకండీ అన్నాడు. ఆ మాటకి చాలా బాధపడ్డాను. మూడంగుళాల బ్లేడు అది. ఆయుధాల నిబంధనల్లో లైసెన్స్‌కి చెప్పిన 9 అంగుళాల హద్దుకి దరిదాపుల్లో కూడా లేదు, పైగా సేద్యం పనిముట్టు. జేబులో పెట్టుకోవడానికే అని చెప్పి అమ్మింది మీరే.

మూడు కత్తుల డబ్బు 5,550 రూపాయలు వెనక్కి ఇవ్వండి. వైద్యం ఖర్చు, పన్నెండు రోజుల కూలి బిల్లులు జత చేశాను, అవి అతని పేరు మీదే చెల్లించండి. వీటన్నిటికంటే ముందు, ఆ బ్యాచ్ కత్తులు కొన్న అందరికీ లాక్ గురించి మెసేజ్ పంపి, అమ్మకం ఆపండి. నా డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఊరుకుంటాను, ఈ పని మాత్రం రేపే చేయాలి. ఈ పాటికి ఆ కత్తి ఎంతమంది జేబుల్లో ఉందో మీకే తెలియాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో నాకు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, రాజమహేంద్రవరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేయవచ్చు. మూడు కత్తులూ నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. మీ మనిషిని పంపితే అతని ముందే లాక్ నొక్కి చూపిస్తాను. పరీక్ష కోసం ఒకటి తీసుకెళ్లవచ్చు, మిగతా రెండూ కేసు తేలేదాకా ఇవ్వను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
నర్సరీ రైతు.

జత చేసినవి: బిల్లు, గట్టిదనం పరీక్ష కాగితం, లాక్ వీడియో, ఆసుపత్రి రసీదులు, కూలి లెక్క.